మీకు తెలుసా? మొదటి ఏడాది మార్కులు, అమెరికా డెంటల్ సీటు

"ఫస్టియర్ కెమిస్ట్రీలో సి వచ్చింది. ఇక డెంటల్ ఆశ వదులుకోవాల్సిందేనా?" అమెరికాలో పిల్లలు చదువుతున్న తెలుగు ఇళ్లలో ఈ బెంగ కొత్తది కాదు. ఇక్కడ బీడీఎస్ చేసి అక్కడ ప్రాక్టీసు పెట్టాలనుకునేవారి బెంగ ఇంకో రకం: "రెండు సప్లీలున్నాయి, చూస్తారా?" చూస్తారు. అయితే పాత మార్కు ఎక్కడ లెక్కకొస్తుంది, ఎక్కడ రాదు, దాని బరువు దేనితో తగ్గుతుంది అన్నది తెలిస్తే సగం బెంగ తీరుతుంది. ఆ లెక్కల్లో కొన్ని ఇవి.

నీట్ ఒక పూట, జీపీఏ నాలుగేళ్లు
మన దగ్గర బీడీఎస్ సీటును తేల్చేది నీట్ ర్యాంకు. జనరల్ అభ్యర్థికి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం ఉంటే అర్హత వచ్చినట్టే. ఈసారి ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్‌లో చేరి మళ్లీ రాయొచ్చు, నిరుటి స్కోరును ఎవరూ అడగరు. అమెరికాలో పద్ధతి వేరు. డెంటల్ కాలేజీలో అడుగు పెట్టేముందు చాలామంది నాలుగేళ్ల డిగ్రీ పూర్తి చేస్తారు. ఆ నాలుగేళ్లలో ప్రతి సెమిస్టర్, ప్రతి గ్రేడు దరఖాస్తులోకి ఎక్కుతుంది. 18 ఏళ్ల వయసులో ఇల్లు వదిలి హాస్టల్ గదికి అలవాటు పడుతున్న రోజుల గ్రేడ్లు కూడా.

ఎఫ్ పక్కన ఏ పెడితే 2.0
నాలుగు క్రెడిట్ల ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎఫ్ వచ్చింది. మళ్లీ చదివి ఏ తెచ్చుకున్నారు. చాలా కాలేజీలు పాత ఎఫ్‌ను జీపీఏ నుంచి తప్పించి ఏ ఒక్కటే లెక్కిస్తాయి. కానీ అమెరికన్ డెంటల్ ఎడ్యుకేషన్ అసోసియేషన్ నడిపే ఉమ్మడి దరఖాస్తు, అంటే ఏఏడీఎస్ఏఎస్, రెండు ప్రయత్నాలనూ కలుపుతుంది. ఎఫ్‌కు సున్నా, ఏకు నాలుగు, రెంటికీ సగటు రెండు. కాలేజీ ఇచ్చిన జీపీఏ కంటే దరఖాస్తులో జీపీఏ తక్కువగా కనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. ఆస్టియోపతిక్ వైద్య కాలేజీల ఉమ్మడి దరఖాస్తు ఒకప్పుడు కొత్త గ్రేడునే తీసుకునేది. 2017లో అదీ ఆగిపోయింది.

హైస్కూల్లో చదివినా కాలేజీ గ్రేడే
హైస్కూల్లో ఉండగానే దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో ఒకటో రెండో కోర్సులు చదివించడం అమెరికాలో మామూలే. ఫీజు కలిసొస్తుందని తల్లిదండ్రులూ ఉత్సాహపడతారు. అక్కడ వచ్చిన గ్రేడు మాత్రం కాలేజీ గ్రేడు కిందే లెక్క. పదహారేళ్లప్పుడు వచ్చిన సి, ఆరేళ్ల తర్వాత డెంటల్ దరఖాస్తులో ప్రత్యక్షమవుతుంది. హైస్కూల్లోనే రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలతో వచ్చిన క్రెడిట్‌కు కాలేజీ గ్రేడు ఉండదు కాబట్టి అది జీపీఏను పెంచదు, తగ్గించదు.

దాచిన కాలేజీ బయటపడుతుంది
"ఆ సమ్మర్‌లో వేరే కాలేజీలో చదివిన కోర్సు చెప్పకపోతే ఏమవుతుంది?" చదివిన ప్రతి కాలేజీ పేరూ రాయాలి, ప్రతిచోటి నుంచీ ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించాలి. దాచిన సంగతి తర్వాత తెలిస్తే వచ్చిన సీటు కూడా పోవచ్చు. తక్కువ మార్కును విద్యార్థి తడబాటుగా అర్థం చేసుకునేవారు ఉంటారు. దాపరికం దగ్గరికి వచ్చేసరికి అది నిజాయతీ ప్రశ్న అవుతుంది. రోగి నోట్లో చేయి పెట్టే వృత్తిలో దాన్ని తేలిగ్గా తీసుకోరు.

3.2 అందరిదీ ఒకటి కాదు
ఒకరు నాలుగేళ్లూ 3.2 దగ్గరే నడిచారు. ఇంకొకరు మొదటి 60 క్రెడిట్లలో 2.6, తర్వాతి 60 క్రెడిట్లలో 3.8 తెచ్చుకున్నారు. ఇద్దరి మొత్తం జీపీఏ ఒకటే, 3.2. ఉమ్మడి దరఖాస్తు మొత్తం అంకెతో సరిపెట్టదు, ఏ ఏడాదికి ఆ ఏడాది విడిగా చూపిస్తుంది. రెండో విద్యార్థి ప్రస్తుతం 3.8 స్థాయిలో చదువుతున్నాడని ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది. కింద పడిన గ్రేడు కన్నా ఆ తర్వాత గీత ఎటు వెళ్లిందన్నది ఎక్కువ మాట్లాడుతుంది.

0.1 పెంచడానికి ఎంత చదవాలి?
డెంటల్ కాలేజీల్లో చేరుతున్నవారి సగటు జీపీఏ 3.6 ప్రాంతంలో ఉంటోంది. 120 క్రెడిట్లు పూర్తయ్యాక 3.2 ఉన్న విద్యార్థి, ఇకపై అన్నీ ఏలే తెచ్చుకున్నాడనుకుందాం. 3.3కు చేరడానికి 18 క్రెడిట్లు కావాలి. 3.4కు 40, 3.5కు 72. 3.6 కావాలంటే 120, అంటే ఇంకో డిగ్రీ చదివినంత పని! నీళ్లు కలిసిన పాలలోంచి నీళ్లు తీయలేం, చిక్కటి పాలు పోస్తూ పోవాల్సిందే. కుండ ఎంత నిండితే మార్పు అంత ఆలస్యం. అందుకే సర్దుకోవడం రెండో ఏడాదిలో మొదలుపెట్టినవారికి పని సులువు. సగటును అందుకోవాలన్న పట్టుదలతో ఏళ్లకేళ్లు కోర్సులు పోగేసుకునే బదులు, చివరి 30, 40 క్రెడిట్లను గట్టిగా నిలబెట్టి దరఖాస్తు చేయడం తెలివైన పని.

సైన్స్ జీపీఏ త్వరగా కదులుతుంది
బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ గ్రేడ్లను కలిపి ఉమ్మడి దరఖాస్తు ఇంకో జీపీఏ కడుతుంది. ఇందులో క్రెడిట్లు తక్కువ కాబట్టి కొత్త గ్రేడు ప్రభావం ఎక్కువ. 32 సైన్స్ క్రెడిట్లలో 2.8 ఉన్నవారు మరో 24 క్రెడిట్లకు అన్నీ ఏలు తెచ్చుకుంటే 3.3 దాటుతుంది. మొత్తం జీపీఏలో ఇంత మార్పు తేవడం ఏడాదిలో అయ్యే పని కాదు.

మళ్లీ చదవాలా, పై కోర్సు చదవాలా?
తప్పనిసరి కోర్సుల్లో సి కన్నా తక్కువ వస్తే చాలా డెంటల్ కాలేజీలు ఒప్పుకోవు. కాబట్టి డి, ఎఫ్ వచ్చినవి మళ్లీ చదవక తప్పదు. సి వచ్చినవాటి సంగతి వేరు. జనరల్ బయాలజీలో సిని మళ్లీ చదివి ఏ చేసుకుంటే పాత సి ఎలాగూ పోదు. అదే సమయం బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫిజియాలజీ, హిస్టాలజీల మీద పెడితే, డెంటల్ మొదటి ఏడాదిలో ఎదురయ్యే సబ్జెక్టులు ముందే నెగ్గినట్టు చూపించవచ్చు.

డబ్ల్యూ లెక్కకు రాదు, కంటికి ఆనుతుంది
గడువులోగా కోర్సు మానేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో డబ్ల్యూ పడుతుంది. జీపీఏలో దానికి విలువ లేదు. ఒకటి రెండు ఉంటే ఎవరూ పట్టించుకోరు. ప్రతి సెమిస్టర్‌లోనూ ఒకటి ఉంటే మాత్రం ఇంటర్వ్యూలో ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. మునిగిపోతున్నామని తెలిసిన కోర్సులో మొండిగా కూర్చుని ఎఫ్ తెచ్చుకోవడం కంటే, సలహాదారును కలిసి గడువులోగా బయటపడటం మేలు.

మాస్టర్స్ గ్రేడు వేరే గడిలో
డిగ్రీ జీపీఏ పడిపోయినవారు మాస్టర్స్ చేస్తే అది పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. డిగ్రీ అయ్యాక డిగ్రీ స్థాయిలోనే తీసుకునే కోర్సులది పోస్ట్-బ్యాక్ లెక్క, మాస్టర్స్ గ్రేడ్లది గ్రాడ్యుయేట్ లెక్క. డిగ్రీ అంకె మాస్టర్స్‌తో కదలదు. మరి దానివల్ల లాభం? బోస్టన్ యూనివర్సిటీలో ఓరల్ హెల్త్ సైన్సెస్ లాంటి మాస్టర్స్‌లో డెంటల్ మొదటి ఏడాది విద్యార్థులతో కలిసి కొన్ని క్లాసులు వినాల్సి ఉంటుంది. అక్కడ నెగ్గితే అంతకు మించిన రుజువు అక్కర్లేదు. అక్కడా తడబడితే తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు. ఫీజూ తక్కువేం కాదు. డిగ్రీ స్థాయి కోర్సుల్లో వరసగా ఏలు వస్తున్నాయన్న నమ్మకం కుదిరాకే ఇటు రావాలి.

టెక్సస్‌లో పదేళ్ల మాఫీ
పాత చదువును పక్కన పెట్టే చట్టం ఒకటుంది. అకడమిక్ ఫ్రెష్ స్టార్ట్ దాని పేరు. టెక్సస్ నివాసులు ఆ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో చేరేటప్పుడు పదేళ్లు, అంతకంటే పాతబడిన కోర్సులన్నీ లెక్కలోకి తీసుకోవద్దని కోరవచ్చు. ఒక మెలిక ఉంది: ఎఫ్‌లు తీసేసి ఏలు ఉంచుకోవడం కుదరదు, పోతే అన్నీ పోతాయి. అప్పట్లో పూర్తిచేసిన ఫిజిక్స్ కూడా మళ్లీ చదవాలి. టెక్సస్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలకు టీఎండీఎస్ఏఎస్ అని సొంత దరఖాస్తు ఉంది, అక్కడ ఈ సౌకర్యం చెల్లుతుంది. జాతీయ దరఖాస్తు ఏఏడీఎస్ఏఎస్‌లో చెల్లదు. ఆ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల సీట్లలో అత్యధికం స్థానికులవే కాబట్టి, డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో స్థిరపడి ముప్పై దాటాక మళ్లీ చదువుకోవాలనుకునే మనవాళ్లు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

గుంటూరు బీఎస్సీ మార్కులు
మన దగ్గర డిగ్రీ చేసి, పెళ్లయ్యాక అమెరికా వెళ్లి, అక్కడ డెంటల్ చదవాలనుకునేవారూ ఉన్నారు. ఉమ్మడి దరఖాస్తు విదేశీ డిగ్రీ మార్కులను జీపీఏలో కలపదు. ఇక్కడి డిగ్రీలో సెకండ్ క్లాసు వచ్చిందన్న దిగులు ఆ మేరకు తగ్గినట్టే. అయితే డెంటల్ కాలేజీ పాత చదువు వివరాలు విడిగా అడగొచ్చు. తప్పనిసరి సైన్స్ కోర్సులు అమెరికాలో చదవాల్సి రావడమే మామూలు. అంటే జీపీఏ అక్కడ చదివిన కోర్సులతోనే మొదలవుతుంది. కాబట్టి మొదటి సెమిస్టర్‌లో ఎన్ని కోర్సులు మోయగలరో అన్నే తీసుకోవాలి.

డ్యాట్‌లో ఫిజిక్స్ లేదు
నీట్‌లో ఫిజిక్స్ దెబ్బ తిన్నవారికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఇది. అమెరికా డెంటల్ ప్రవేశ పరీక్ష డ్యాట్‌లో ఫిజిక్స్ ప్రశ్న ఒక్కటీ ఉండదు. సైన్స్ విభాగంలో బయాలజీ 40, జనరల్ కెమిస్ట్రీ 30, ఆర్గానిక్ కెమిస్ట్రీ 30 ప్రశ్నలు వస్తాయి. మిగతావి చదివి అర్థం చేసుకోవడం, గణితం, ఆకారాలను గుర్తుపట్టడం. ఫిజిక్స్ కోర్సు మాత్రం డిగ్రీలో చదివి ఉండాలని చాలా డెంటల్ కాలేజీలు అడుగుతాయి. మార్కులు ఒకప్పుడు 30కి వేసేవారు, 2025 మార్చి నుంచి 200-600 మధ్య ఇస్తున్నారు. పాత పుస్తకంలో "20 వస్తే మంచిది" అని ఉంటే అది పాత కొలత అని గుర్తుంచుకోవాలి. ఒక్కో కాలేజీలో ఏ గ్రేడు ఎంత కష్టమో తూచడం ఎవరికైనా కష్టమే. అందరికీ ఒకటే అయిన ఈ పరీక్షలో మంచి స్కోరు వస్తే, పాత సిలు తెలివి తక్కువై వచ్చినవి కావని తేలుతుంది.

అప్పట్లో సుద్దముక్కలు చెక్కించేవారు
డ్యాట్ 1950లో దేశమంతటా మొదలైనప్పుడు చేతి నేర్పు చూడటానికి సుద్దముక్క ఇచ్చి, చూపించిన ఆకారంలో చెక్కమనేవారు. 1972లో దాన్ని తీసేసి కాగితం మీది ఆకారాల పరీక్ష పెట్టారు. మడిచిన కాగితానికి చిల్లు పెడితే విప్పినప్పుడు ఎక్కడెక్కడ కనిపిస్తుంది, పేర్చిన ఘనాల్లో ఎన్నింటికి ఎన్ని వైపులా రంగు పడుతుంది, ఈ నాలుగు కోణాల్లో ఏది చిన్నది, ఏది పెద్దది… 60 నిమిషాల్లో ఇలాంటివి 90 ప్రశ్నలు. పాత మార్కులతో దీనికి సంబంధమే లేదు. రోజూ సాధన చేసినవారికి పట్టుబడుతుంది.

మళ్లీ రాయాలంటే 60 రోజులు
డ్యాట్‌ను మళ్లీ రాయొచ్చు కానీ రెండు పరీక్షల మధ్య కనీసం 60 రోజులు ఆగాలి. నీట్‌లా కొత్త స్కోరు పాతదాన్ని కప్పేయదు, కాలేజీకి వెళ్లే నివేదికలో ముందటి ప్రయత్నాలూ కనిపిస్తాయి. జీపీఏ ఇప్పటికే బలహీనంగా ఉన్నవారు "ఒకసారి రాసి చూద్దాం" అని వెళ్లకూడని పరీక్ష ఇది. ఇంట్లో పూర్తి నమూనా పరీక్షలు రాసి, అనుకున్న స్కోరు వరసగా వస్తున్నప్పుడే తేదీ ఖరారు చేసుకోవాలి.

డెంటల్ కాలేజీలో చదవని డీన్
బీడీఎస్ విద్యార్థులు పుచ్చు పళ్లను క్లాస్ 1, క్లాస్ 2 అని విభజించి నేర్చుకునే పద్ధతి జి.వి.బ్లాక్‌ది. 1836లో ఇలినాయ్‌లో పుట్టిన ఆయనకు బడి చదువు అంతంతమాత్రం. డెంటల్ కాలేజీలో విద్యార్థిగా చేరనే లేదు, ఇంకో దంతవైద్యుడి దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకున్నారు. అదే మనిషి 1897లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ డెంటల్ స్కూలుకు డీన్ అయ్యారు. ఆ దారి ఇప్పుడు లేదు. చదువు రికార్డు అంతంతమాత్రంగా ఉన్నంతనే పని రాదని అనుకోనక్కర్లేదని మాత్రం ఆయన జీవితమే చెబుతుంది.

లూసీ హాబ్స్ దొడ్డిదారి కాదు, దగ్గరిదారి
1861లో ఒహైయో కాలేజ్ ఆఫ్ డెంటల్ సర్జరీ లూసీ హాబ్స్‌ను చేర్చుకోలేదు. ఆమె మార్కులతో ఎవరికీ పేచీ లేదు, స్త్రీ కావడమే ఆక్షేపణ. ఆమె ప్రాక్టీసు పెట్టి పేరు తెచ్చుకుంది. 1865లో అదే కాలేజీ ఆమె అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని నేరుగా చివరి తరగతిలో చేర్చుకుంది. 1866 ఫిబ్రవరిలో డిగ్రీ అందుకుని, అమెరికాలో డెంటల్ డిగ్రీ సాధించిన తొలి మహిళ అయింది. చేసిన పనిని చదువు కింద జమకట్టే పద్ధతి అంత పాతది.

బీడీఎస్ సప్లీలు చూస్తారా?
విదేశీ దంతవైద్యులు అమెరికాలో రెండు మూడేళ్లు చదివి అక్కడి డిగ్రీ తీసుకునే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సులున్నాయి. దరఖాస్తు చాలావరకు క్యాపిడ్ ద్వారా, అది విదేశీ దంతవైద్యుల కోసం పెట్టిన ఉమ్మడి దరఖాస్తు. విజయవాడ ఎన్టీఆర్ వైద్య విశ్వవిద్యాలయం, వరంగల్ కాళోజీ విశ్వవిద్యాలయం మార్కుల జాబితాలను అమెరికా మూల్యాంకన సంస్థ అక్కడి గ్రేడ్లలోకి మారుస్తుంది. ఇక్కడి 62 శాతాన్ని అక్కడి 62గా చూడరు, మన ఫస్ట్ క్లాసుకు ఉన్న విలువను బట్టి మారుస్తారు. ఇంకోసారి రాసి గట్టెక్కిన సబ్జెక్టులు మార్కుల జాబితాల్లో తెలిసిపోతాయి. జాతీయ బోర్డు పరీక్ష ఐఎన్‌బీడీఈలో 500 ప్రశ్నలున్నా ఫలితం పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. అందులో ఎక్కువ మార్కులు తెచ్చి పాత సప్లీలను కప్పుకునే వీల్లేదు. చాలా కాలేజీలు పెట్టే బెంచ్ టెస్టులో, అంటే ప్లాస్టిక్ పళ్ల మీద క్రౌన్‌కు పన్ను చెక్కే పరీక్షలో, చేయి మాట్లాడాలి. సప్లీలున్న అభ్యర్థి ఎక్కువ గంటలు పెట్టాల్సింది అక్కడే.

4,500 అక్షరాల్లో సాకులకు చోటు లేదు
ఎందుకు దంతవైద్యం అన్న వ్యాసానికి ఖాళీలతో కలిపి 4,500 అక్షరాలే ఇస్తారు. అందులో సగం మొదటి ఏడాది గొడవతో నింపితే చదివేవారికి గుర్తుండేది ఆ గొడవే. ఏం జరిగిందో రెండు వాక్యాలు, ఏం మార్చుకున్నారో రెండు వాక్యాలు చాలు. ప్రొఫెసర్ సరిగా చెప్పలేదనో, రూమ్మేట్ చదవనివ్వలేదనో రాస్తే తప్పు ఇంకా ఒప్పుకోలేదనిపిస్తుంది. చెప్పాల్సిన మాట ఇంకొకరు చెబితే ఎక్కువ నమ్ముతారు. తర్వాతి ఏళ్లలో పాఠం చెప్పిన సైన్స్ ప్రొఫెసర్ సిఫారసు లేఖ అందుకే విలువైంది.

జూన్‌లో పంపండి, డిసెంబర్ 15 దాకా ఆగండి
దరఖాస్తులు మే నెలలో తెరుచుకుంటాయి, జూన్ మొదట్లో పంపడం మొదలవుతుంది. గ్రేడ్లు సరిచూసుకోవడానికే వారాలు పడతాయి. చాలా కాలేజీలు వచ్చినవి వచ్చినట్టు చూసి ఇంటర్వ్యూలకు పిలుస్తాయి. సీటు వచ్చిందన్న కబురు డిసెంబర్ 15 నుంచి చెబుతారు. ఆలస్యమయ్యేకొద్దీ ఖాళీలు తగ్గుతాయి, జీపీఏ తక్కువ ఉన్నవారికి ఆలస్యం రెండో దెబ్బ. చేతిలో ఇంకా నడుస్తున్న కోర్సులుండి, వాటితోనే రికార్డు మెరుగుపడాల్సి ఉంటే, ఈ ఏడు సెప్టెంబర్‌లో పంపేకంటే వచ్చే ఏడు జూన్‌లో పంపడమే లాభం.

సీటొచ్చాక లెక్క మళ్లీ మొదలు
డెంటల్ కాలేజీలో చేరిన రోజున డిగ్రీ జీపీఏను పెద్దగా అడిగేవారుండరు. కానీ పళ్లు సరిచేసే ఆర్థోడాంటిక్స్ లాంటి స్పెషాలిటీలకు పోటీ తీవ్రం. అక్కడ డెంటల్ కాలేజీ గ్రేడ్లు, తరగతిలో స్థానం చూస్తారు, అవి మొదటి సెమిస్టర్ నుంచే పోగవుతాయి. డిగ్రీలో ఒకసారి ఆలస్యంగా కళ్లు తెరిచినవారు ఈసారి మొదటి వారంలోనే ట్యూటర్‌ను వెతుక్కోవచ్చు. నాలుగేళ్ల పాట్లతో వచ్చిన ఆ అనుభవం, మొదటి నుంచీ ఏలే చూసిన పక్క సీటు విద్యార్థి దగ్గర ఉండదు.